ఆరున్నొక్కటి

గురువారాలు కెజిక్ కబేళాలో
నాకోసం ఒక స్టీలు బేసిన్ పక్కన పెడతారు.
పనికిరావని నీలిముద్ర పడ్డ కార్జాలు,
ఇంకా ఆవిరి పోనివి.
ఆవుదైతే కత్తి కింద ఇసుక నమిలినట్టు కరకర,
గొర్రెదైతే ఆ చప్పుడుండదు.
పైత్యనాళం పక్కన బొటనవేలితో నొక్కితే
ఒక్కొక్కటే జారతాయి జలగలు
చారులో నానిన కరివేపాకుల్లా,
అదే రంగు, అంతే పొడవు.

నేను లెక్కపెడతాను.
కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు
మా మేనత్త పాడినట్టు అనే లెక్క:
లాభం, రెండు, మూడు...
ఏడు అనకూడదు, ఇల్లు ఏడుస్తుంది,
ఆరున్నొక్కటి అనాలి.
జలగని చూసి లాభం అంటున్నానని
నవ్వడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

జాంటీ బిర్కెట్‌ది ఇంకో లెక్క.
యాన్, త్యాన్, టెథెరా,
ముత్తాత గొర్రెల్ని గేటు దాటించిన అంకెలు.
అవి ఇరవై దాకానే.
ఇరవై కాగానే జేబులోకి ఒక గులకరాయి.
పోయిన చలికాలం
ఆరు రాళ్ల జేబులో నాలుగే మిగిలాయని చెప్పాడు,
నాకు కాదు, కుక్కకి చెప్పినట్టు.
దవడ కింద నీటిసంచి వేలాడుతూ
ఒక్కోటి గోడవారన కూలబడిందట.
"మందు పోశాను. రెండుసార్లు పోశాను."
మందు అదే. మారింది జలగ.

అతని కొండవాలులో చెరువు లేదు, కుంట లేదు.
గిట్ట దిగిన గుంతలో గరిటెడు నీళ్లు,
అందులో మినపగింజంత నత్త.
అది చాలు.

జలగకి పళ్లు లేవు.
ఉన్నది కత్తెర.
కాగితాల మీద కెథెప్సిన్ అని రాస్తాం,
దాని పేగు కక్కే ఎంజైము.
మాంసంలో దారి కోసుకునేదీ దాంతోనే,
నెత్తురుని అన్నం చేసుకునేదీ దాంతోనే.
ఒళ్లు పంపిన యాంటీబాడీ ఎదురొస్తే
సరిగ్గా కీలు చూసి తెగ్గొడుతుంది.
చేతులు తెగిన కాపలావాళ్లు
కార్జం నిండా తిరుగుతుంటారు.

నేను చేసేది చిన్న పని.
ఈస్టు కుండలో ఆ కత్తెర నకలు పోతపోసి
పదును తీసేసి
గొర్రె మెడలో సూదితో దాచడం.
ఇదిగో దీని ఆకారం,
ఇక్కడ పట్టుకుంటే ఇక మూసుకోదు
అని నెత్తురుకి అక్షరాభ్యాసం.
గొర్రె నెత్తురు చురుకైన విద్యార్థి అనలేను.
మూడు వారాలకి మళ్లీ దిద్దించాలి.
పదమూడో ఎక్కం నాకూ అంతే.

బిర్కెట్ మందలోవే ఇరవైనాలుగు,
పుట్టినప్పట్నుంచీ కొట్టంలో పెరిగి
తడిగడ్డి మొహం చూడనివి.
వీపు మీద నీలం చుక్క పన్నెండింటికి,
ఎర్ర చుక్క పన్నెండింటికి.
టీకా ఎవరిదో, ఉత్త నూనె ఎవరిదో
నాకు తెలీదు, తెలియకూడదు.
ఆ కవరు బీరువాలో ఉంది, తాళం ఇంకొకరి దగ్గర.
అందరికీ జలగ గుడ్డి నేనే పెట్టాను,
ఈ చేత్తోనే.
పదహారు వారాలు.

ఇవాళ.
ఎరుపు, అరవైఒకటి.
ఎరుపు, నలభైఎనిమిది.
నీలం, యాభైమూడు. చేతులు కడుక్కున్నాను.
నీలం.
లాభం, రెండు, మూడు, నాలుగు,
అయిదు, ఆరు, ఆరున్నొక్కటి.
ఇంకా పిండాను. ముక్కలు కోసి
గోరువెచ్చని నీళ్లలో వదిలి జల్లెడ పట్టాను.
ఆరున్నొక్కటే.
అవీ గిడసబారి, గోరంతేసి.
మేనత్త తప్పించుకున్న అంకె మీద
మొదటిసారి నేను ఆగి నిలబడ్డాను.
పక్కవాడు గొట్టంతో నేల కడుగుతున్నాడు.
తర్వాతి నీలంలో నలభై.

బయట జాంటీ, ట్రక్కుకి ఆనుకుని.
కవరు విప్పేదాకా ఏమీ చెప్పకూడదు.
"ఒకదాంట్లో ఎన్ని?" అన్నాడు,
ఏ రంగో అడగకుండా.
"లెథెరా" అన్నాను.
అతని తాత లెక్కలో ఏడు.
నా నోట్లో ఆ మాట విని నవ్వబోయి,
"మిగతావాటిలో?" అన్నాడు.
వాన మొదలైంది.
నేను జవాబు వెతుక్కునేలోగా
అతని బూటు దిగిన గుంతలో
అప్పుడే గరిటెడు నీళ్లు.